బిల్లులో కర్ణాటక, పాఠం అనంతపురంలో

మా అన్న కూతురు ఇంట్లోనే ఉండి గ్రూప్-2 పరీక్షకు చదువుతోంది. పోయిన నెలలో ఒక యాప్‌లో ఏడాది పాఠాలకు చందా కట్టిన మరుసటి రోజు, మెయిల్‌కు వచ్చిన బిల్లు తెరిచి ఫోను నా ముందు పెట్టింది. "చిన్నాయనా, ఇందులో నాది కర్ణాటక అని పడింది సూడు. రేప్పొద్దున నన్ను నాన్‌లోకల్ కింద కట్టేయరు గదా?" అని అడిగింది. నవ్వు వచ్చింది కానీ నవ్వలేదు. స్థానికత నిరూపించుకోవడానికి నాలుగో తరగతి నుంచి స్టడీ సర్టిఫికెట్లు పోగుచేసుకునే పిల్లలకు, ఎక్కడైనా రాష్ట్రం పేరు తప్పు పడిందంటే గుండె ఆగినంత పనవుతుంది. ఈ బిల్లుకూ నీ స్థానికతకూ సంబంధం లేదమ్మా అని చెప్పి పంపించాను. అయితే ఆ బిల్లు మాత్రం నా మనసులోనుంచి పోలేదు. ఇరవై ఏళ్లుగా అనంతపురంలో వ్యాపారుల పన్ను లెక్కలు రాసి బతుకుతున్నవాడిని కనుక, అందులో ఆ పిల్లకు కనిపించని తప్పు ఒకటి నాకు కనిపించింది.

పాఠాల ధర వెయ్యి రూపాయలు, పన్ను నూట ఎనభై. అమ్మిన సంస్థ బెంగళూరుది, దాని జీఎస్టీ నంబరు 29తో మొదలవుతుంది. కొన్న ఖాతా ఈ అమ్మాయి వాళ్ల అన్న పేరున ఉంది. వాడు అయిదేళ్లుగా బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాడు కాబట్టి యాప్‌లో ఉన్న చిరునామా కూడా అక్కడిదే. అందుకని ప్లేస్ ఆఫ్ సప్లై, అంటే అమ్మకం ఏ రాష్ట్రంలో జరిగినట్టు లెక్కో చెప్పే గడి దగ్గర "29-కర్ణాటక" అని పడి, తొంభై రూపాయలు కేంద్రానికీ తొంభై రూపాయలు కర్ణాటకకూ చేరాయి. పాఠం వినే పిల్ల మాత్రం సాయినగర్‌లో మా మిద్దె మీది గదిలో కూర్చుని వింటోంది. అదే చందా ఆ అమ్మాయి పేరున, అనంతపురం చిరునామాతో కట్టి ఉంటే బిల్లు మీద 180 రూపాయల ఐజీఎస్టీ, అంటే ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి అమ్మినప్పుడు వేసే పన్ను, పడేది. కేంద్రం అందులో సగం తన దగ్గర ఉంచుకుని మిగతా తొంభై రూపాయలను 37 నంబరు రాష్ట్రానికి, అంటే మనకు, సర్దుబాటు చేసేది. కట్టే మనిషికి రెండు విధాలా 1,180 రూపాయలే. తేడా తెలియదు, తెలుసుకోవలసిన అవసరమూ కలగదు. నా ఫిర్యాదంతా అక్కడే ఉంది.

పన్ను వెళ్లే దారి

జీఎస్టీకి ముందు సరుకు రాష్ట్రం దాటితే కేంద్ర అమ్మకం పన్ను పడేది. 2008 జూన్ నుంచి అది రెండు శాతం. కొన్న వ్యాపారి సి ఫారం అనే ధ్రువపత్రం పంపితేనే ఆ రేటు దక్కేది. ఆ ఫారాల కోసం మద్రాసుకూ బొంబాయికీ ఎన్ని ఉత్తరాలు రాశానో నాకే గుర్తులేదు. అప్పట్లో ఆ పన్ను అమ్మిన రాష్ట్రానికే మిగిలేది. అనంతపురం నూనె మిల్లు నుంచి వేరుశనగ నూనె బయటి రాష్ట్రానికి వెళితే పన్ను మనకు ఉండేది. బయటి నుంచి మనకు వచ్చే ప్రతి యంత్రానికీ ప్రతి మందు డబ్బాకూ పడిన ఆ పన్ను అవి తయారైన రాష్ట్రాలకు ఉండేది. 2017 జూలై 1న ఈ లెక్క తిరగబడి, వాడేవాడు ఎక్కడ ఉంటే పన్ను అక్కడికి వెళ్లాలన్నది సూత్రమయింది. ఫ్యాక్టరీలున్న రాష్ట్రాలు భయపడినందువల్లనే, ఏటా 14 శాతం పెరుగుదల లెక్కన అయిదేళ్ల పాటు పరిహారం ఇస్తామని కేంద్రం ఒప్పుకోవలసి వచ్చింది.

ఈ సూత్రం మాలాంటి జిల్లాలున్న రాష్ట్రానికి మేలు చేసేదేనని నేను అప్పుడూ నమ్మాను, ఇప్పుడూ నమ్ముతున్నాను. ముఖ్యంగా ఫోనులో కొనే సరుకు విషయంలో ఈ మేలు ఎక్కువ. పాఠాలు, సినిమాలు, ఆటలు, ఫొటోలు దాచుకునే చోటు, పత్రికల చందాలు మనం కొనేవే కానీ, వాటిని తయారుచేసి అమ్మే పెద్ద సంస్థలు అనంతపురంలోనూ కడపలోనూ కర్నూలులోనూ లేవు. అమ్మినవాడి ఊరిని బట్టి పన్ను పోయేటట్లయితే ఆ డబ్బంతా బెంగళూరు, ముంబై, గురుగ్రామ్ ఉన్న రాష్ట్రాలకే పోవాలి. కొన్నవాడి ఊరిని బట్టి పోతే మన వాటా మనకు రావాలి.

అయితే చట్టంలో చిన్న కిటికీ ఒకటి తెరిచి ఉంది. జీఎస్టీ నంబరు లేని మామూలు మనిషి సేవను కొన్నప్పుడు, అమ్మినవాడి రికార్డులో కొన్నవాడి చిరునామా ఉంటే ఆ చిరునామా చోటు, లేకపోతే అమ్మినవాడి చోటు లెక్కలోకి వస్తుంది. ఆ "లేకపోతే" అన్న మాటతో పాత పద్ధతి దొడ్డిదారిన మళ్లీ ఇంట్లోకి వచ్చింది. ఫోను నంబరు ఒక్కటే అడిగి అమ్మేసే యాప్‌కు కొన్నవాడి చిరునామాతో పని లేదు. చిరునామా లేదు కాబట్టి అంతా తన రాష్ట్రంలోనే అమ్మినట్టు రిటర్ను వేసుకుంటే పని కూడా తేలికవుతుంది.

ప్రభుత్వం దీన్ని గమనించలేదని అనలేను. ఆన్‌లైన్ సేవల బిల్లు ఎంత చిన్నదైనా కొన్నవాడి పేరు, చిరునామా, పిన్‌కోడు రాయాలని 2022 డిసెంబరులో నిబంధన తెచ్చారు. అది మరీ బరువనిపించిందో ఏమో, 2023లో కనీసం రాష్ట్రం పేరు ఉంటే చాలన్నారు. అప్పటికీ పాటించనివారు ఉన్నందువల్ల కాబోలు, ఓటీటీ చందాలు, ఈ-పత్రికలు, యాప్‌ల ద్వారా ఇచ్చే సేవలు అన్నిటికీ ఇది వర్తిస్తుందని 2024 డిసెంబరు 31న సర్క్యులర్ ఇచ్చి మరీ చెప్పారు. కాగితం మీద కిటికీ మూసినట్టే. కానీ రాష్ట్రం పేరు రాయమన్నారే తప్ప, ఆ పేరు ఎవరిది కావాలో తేల్చలేదు. డబ్బు కట్టినవాడిదా, పాఠం విన్నవాడిదా?

ఫోను పెట్టెకు ఒక న్యాయం, పాఠానికి ఒక న్యాయం

మా అన్న కొడుకు కిందటి ఉగాదికి చెల్లెలికి కొత్త ఫోను కొని పంపాడు. బెంగళూరులో కూర్చుని ఆర్డరు పెట్టాడు, బిల్లు చిరునామా బెంగళూరుది, పెట్టె మాత్రం మా ఇంటికి వచ్చింది. ఆ ఫోను మీది పన్నులో రాష్ట్ర వాటా ఆంధ్రప్రదేశ్‌కు రావాలి. ఎందుకంటే బిల్లు చిరునామా ఒకటి, సరుకు దింపే చిరునామా ఇంకొకటి అయినప్పుడు సరుకు దింపే చోటునే లెక్కలోకి తీసుకోవాలని 2024 జూన్‌లో మరో సర్క్యులర్ స్పష్టం చేసింది. అదే అన్న, అదే చెల్లెలికి, అదే ఫోనులో వినడానికి కొనిచ్చిన పాఠం మీది పన్ను మాత్రం కర్ణాటకకు పోయింది. పెట్టెను ఒకడు మోసుకొచ్చి తలుపు కొడతాడు కనుక దానికి గమ్యం ఉంది. పాఠానికి గమ్యం లేదని చట్టం అనదు, దాన్ని అడిగేవాడే లేడు.

ఇంకో ఉదాహరణ చెబుతాను. ప్రీపెయిడ్ సిమ్‌కు సప్తగిరి సర్కిల్ దగ్గర చిన్న కొట్టులో డబ్బులిచ్చి రీచార్జి చేయించుకున్న రోజుల్లో, చట్టం దృష్టిలో ఆ అమ్మకం కొట్టు ఉన్న చోటే జరిగినట్టు. ఇప్పుడు మనమే ఫోనులో చెల్లిస్తాం కాబట్టి, కంపెనీ రికార్డులో మన చిరునామా ఏది ఉంటే అదే చోటు. నా రెండో సిమ్ హైదరాబాదులో చదువుకునే రోజుల్లో హాస్టల్ చిరునామాతో తీసుకున్నది. ఆ హాస్టల్ ఎప్పుడో పడగొట్టారని విన్నాను. 2014 జూన్ 2న ఆ చోటు వేరే రాష్ట్రమయింది కూడా. అనంతపురంలో కూర్చుని ప్రతి మూడు నెలలకూ నేను చేసే రీచార్జి పన్ను, లేని హాస్టల్ పేరున తెలంగాణకు పోతోందన్నమాట. పన్నుల పని చేసే నేనే ఇన్నేళ్లూ దాన్ని మార్చుకోలేదు. ఇతరులను ఏమని తప్పుపట్టను?

ధర మారితే తెలిసేది

టెక్సస్‌లో ఉన్న మా మేనత్త కొడుకుతో ఈ మాట అంటే, "ఇక్కడ అట్ల కుదరదు బావా, జిప్ కోడు తప్పు పడితే రేటే మారిపోతుంది" అన్నాడు. నిజమే. టెక్సస్‌లో రాష్ట్ర పన్ను 6.25 శాతం, స్థానిక పన్నులు కలిస్తే 8.25 వరకు పోతుంది. డౌన్‌లోడ్ చేసుకునే పుస్తకం మీద కూడా అది పడుతుంది. అదే పుస్తకం కాలిఫోర్నియాలో డౌన్‌లోడ్ రూపంలో కొంటే సాధారణంగా అమ్మకం పన్ను ఉండదు. ఒరెగాన్‌లో రాష్ట్ర అమ్మకం పన్నే లేదు. రాష్ట్రంలో దుకాణమో ఉద్యోగులో లేని సంస్థ చేత కూడా అక్కడి రాష్ట్రాలు పన్ను వసూలు చేయించవచ్చని ఆ దేశపు సుప్రీంకోర్టు 2018 జూన్‌లో తీర్పు ఇచ్చాక, కొన్నవాడు ఎక్కడున్నాడన్నది అమ్మేవాడికి తలనొప్పిగా మారింది. ఐరోపాలో సంగతి ఇంకా విచిత్రం. లక్సెంబర్గ్ ఈ-పుస్తకాల మీద మూడు శాతమే వేసిన కాలంలో, అమ్మేవాడి దేశపు రేటు చెల్లేది కనుక అక్కడ కార్యాలయం పెట్టుకుంటే ఖండమంతటికీ ఆ రేటుకే అమ్ముకోవచ్చు. 2015 జనవరి 1 నుంచి కొన్నవాడి దేశపు రేటే వర్తిస్తుందనేసరికి ఆ ఆట ముగిసింది. ప్రామాణిక రేటు 27 శాతంగా ఉన్న హంగరీ మనిషి చేతికి వచ్చే బిల్లు, పక్క దేశపు మనిషి బిల్లు ఒకలా ఉండవు.

మన దగ్గర రేటును మార్చేది కొనే సరుకే కానీ, కొనే ఊరు కాదు. అచ్చు పుస్తకానికి పన్ను లేదు. అచ్చులో కూడా ఉన్న పుస్తకాన్ని ఈ-పుస్తకంగా కొంటే అయిదు శాతమని 2018లో తగ్గించారు. ఫోనులో వినే కోచింగ్ పాఠానికి పద్దెనిమిది శాతం. ఆదోనిలో కొన్నా బళ్లారిలో కొన్నా ఇంతే. సామాన్యుడికి ఇది పెద్ద సుఖమని ఒప్పుకుంటాను. ఒకే దేశం, ఒకే రేటు అన్నందుకు జీఎస్టీని మెచ్చుకునేవాళ్లలో నేనూ ఒకడిని. కాకపోతే ఆ సుఖం వల్లనే చిరునామాకు దిక్కులేకుండా పోయింది. తప్పు రాసినా నాకు నష్టం లేదు, సరిగా రాసినా లాభం లేదు. అమ్మేవాడికీ అంతే. నష్టం జరిగేది ఖజానాకు, ఖజానాకేమో ఈ బిల్లు కనిపించదు. నెలవారీ రిటర్నులో మామూలు కొనుగోలుదారులకు చేసిన చిన్న అమ్మకాలను రాష్ట్రానికి ఒక మొత్తంగా చూపిస్తాం తప్ప మనిషి మనిషికీ చూపించం. ఆ మొత్తాల్లో సాయినగర్ మిద్దె మీది గదిని ఎవరు పట్టుకోగలరు?

పాత రోజుల్లో బెంగళూరు రోడ్డు మీద కొడికొండ చెక్‌పోస్టు దగ్గర లారీ ఆగేది. కాగితాలు చూసేవారు, లంచాలూ ఉండేవి, తెల్లవార్లూ డ్రైవర్లు అక్కడే పడుకునేవారు. ఆ వ్యవస్థ పోయినందుకు నాకు బెంగ లేదు. ఫోనులో వచ్చే పాఠానికి మాత్రం ఆ చెక్‌పోస్టు పనిని బిల్లు మీద రాష్ట్రం పేరు రాసే గడి ఒక్కటే చేయాలి. మనం దాన్ని చూడకుండానే "నెక్స్ట్" నొక్కేస్తున్నాం.

నాకు నేను చెప్పుకున్న అభ్యంతరాలు

మొదటిది, ఇది నిజంగా మన డబ్బేనా అన్నది. మా అన్న కొడుకు బెంగళూరులో ఉంటాడు, అక్కడి రోడ్ల మీద తిరుగుతాడు, అక్కడి నీళ్లు తాగుతాడు. వాడు చూసుకునే సినిమాల చందా పన్ను కర్ణాటకకు పోవడం ధర్మమే. మన ఊరివాడు కాబట్టి మన పన్ను అనడం కులం లెక్క చూసినట్టుంటుంది. వలస వెళ్లిన మనిషిని మాత్రం పట్టుకుని లాగడం నా ఉద్దేశం కాదు. విన్నది ఎక్కడో అక్కడికి పోవాలి, అంతే. కానీ ఇందులోనూ చిక్కు ఉంది. ఈ అమ్మాయే రేపు బెంగళూరు హాస్టల్‌లో చేరి అయిదు రోజులు అక్కడ, శని ఆదివారాలు ఇక్కడ పాఠాలు వింటే ఏ రాష్ట్రం రాయాలి? నా దగ్గర దీనికి కచ్చితమైన జవాబు లేదు. ఎక్కువ రోజులు ఉన్న చోటు అని సరిపెట్టుకోవాలి.

రెండవది, కొన్నవాడి మాట నమ్మడం దేనికి, యంత్రాన్నే తేల్చమనవచ్చు కదా అన్నది. విదేశీ సంస్థ మనకు అమ్మినప్పుడు చట్టం ఏడు గుర్తులు చెప్పింది. కొన్నవాడు ఇచ్చిన చిరునామా, కార్డు ఇచ్చిన దేశం, బిల్లు చిరునామా, ఐపీ అడ్రసు, బ్యాంకు ఖాతా ఉన్న చోటు, సిమ్ దేశపు కోడు, ల్యాండ్‌లైన్ ఉన్న చోటు. వీటిలో పరస్పరం పొసగే రెండు కుదిరితే కొన్నవాడు భారతదేశంలో ఉన్నట్టే. దేశానికీ దేశానికీ మధ్య ఇది బాగానే పనిచేస్తుంది. రాష్ట్రానికీ రాష్ట్రానికీ మధ్య పెడితే మనమే నష్టపోతామని నా అనుమానం. మా ఇంట్లో ఫోను తెరిచి వాతావరణం చూస్తే ఒకరోజు బెంగళూరు, ఒకరోజు హైదరాబాదు, ఇంకోరోజు చెన్నై వస్తుంది. ఎండకు మాడిపోతున్న అనంతపురంలో కూర్చుని చెన్నై వాన కబుర్లు చదువుకుంటాం. సిమ్ సంగతి చూస్తే, టెలికాం లెక్కల్లో ఆంధ్ర, తెలంగాణ ఇప్పటికీ ఒకే సర్కిల్. యంత్రాన్ని నమ్మితే అది పెద్ద ఊళ్ల వైపే మొగ్గుతుంది. పైగా ప్రతి చిన్న యాప్‌కూ మనం ఎక్కడున్నామో గంట గంటకూ తెలియాలనడం నాకు ఏమాత్రం నచ్చదు. రాష్ట్రం పేరు ఒక్కటి అడిగితే చాలన్న సవరణను నేను అందుకే సమర్థిస్తాను.

మూడవది మా మిత్రుడు ఒకడు అన్న మాట. "తొంభై రూపాయలు అమరావతికి పోతేనేమి, బెంగళూరుకు పోతేనేమి, అనంతపురానికి ఎట్లాగూ రాదు కదా" అని. నవ్వుతూ అన్నా అది సీమ మాట, తేలిగ్గా కొట్టిపారేయలేను. రాష్ట్ర ఖజానాకు చేరిన రూపాయిలో మా జిల్లాకు వచ్చేదెంత అన్న తగువు వేరే ఉంది. అయితే ఖజానాకే చేరని రూపాయి కోసం ఆ తగువు కూడా ఆడలేం.

నేను కోరేది పెద్దదేమీ కాదు. చెల్లించే పేజీలో "ఈ సేవను వాడుకునేవారు ఏ రాష్ట్రంలో ఉన్నారు" అని ఒక్క ప్రశ్న ఉండాలి. డబ్బు కట్టేవారి చిరునామా నుంచి దాన్ని ఊహించుకుని నింపకూడదు. చందా పునరుద్ధరించిన ప్రతిసారీ మళ్లీ అడగాలి. ఫోను పెట్టె విషయంలో ఇచ్చిన వివరణ లాంటిదే పాఠం విషయంలోనూ ఒకటి ఇస్తే, అడగడానికి యాప్‌లకు కారణం దొరుకుతుంది.

ఈ మాట మొదట నేను చెప్పి చూసింది కర్నూలులో పోటీ పరీక్షల టెస్టులు యాప్‌లో అమ్మే ఒక కుర్రవాడికి. అతని రిటర్నులు నేనే వేస్తాను. ఒక నెల లెక్క చూస్తూ, "ఏమప్పా, అండమాన్‌లో మన గ్రూప్-2 రాసే పిల్లలు ఇంతమంది ఉన్నారా?" అని అడిగాను. అతనూ తెల్లబోయాడు. తర్వాత తెలిసిందేమంటే, అతని యాప్‌లో రాష్ట్రాల జాబితా ఇంగ్లీషు అక్షర క్రమంలో ఉంది, మొదటి పేరు అండమాన్ నికోబార్. తొందరలో ఉన్నవాళ్లు దాన్నే వదిలేసి ముందుకు పోతున్నారు. ఆదోని పిల్లల పన్ను, నంద్యాల పిల్లల పన్ను, తుంగభద్ర అవతలి గద్వాల పిల్లల పన్ను సముద్రం దాటి పోతోంది.

ఆ గడిని ఖాళీగా ఉంచి, ఎవరికి వారు ఎంచుకుంటేనే ముందుకు పోయేలా చేయించాను. మరుసటి నెల అండమాన్ మాయమైంది, లెక్క సరిగా వచ్చింది. కానీ అతను ఫోను చేసి, "అన్నా, కొంతమంది ఆ పేజీలోనే ఆగిపోయి డబ్బు కట్టకుండా పోతాండారన్నా. యాపారం పోతే ఎట్ల? ఆంధ్రప్రదేశ్ అని ముందే పెట్టేద్దాం, మనోళ్లే ఎక్కువ గదా" అన్నాడు. అప్పుడు గద్వాల పిల్లల పన్ను మనం తిన్నట్టు కాదా అన్నాను. బెంగళూరు యాప్ మా పిల్లకు చేసింది అదే గదప్పా అని కూడా అన్నాను. అతను కాసేపు మాట్లాడలేదు. "సరేలే అన్నా, ఇంకో నెల సూస్తా" అన్నాడు. ఆ గడి ఇప్పటికి ఖాళీగానే ఉంది.